నూకాలు పెట్టించుకున్న కిటికీ

అనగనగా కాలవగట్టున ఒక ఊరట, కన్నా. ఆ ఊళ్ళో ఎవరిల్లు వాళ్ళదే, కాపురం మాత్రం రేపు కొనబోయేవాడి కోసం. గోడకి మేకు కొట్టరు. పిల్లల్ని అరుగెక్కనివ్వరు. మంచి గదికి తాళం వేసి, తాము నడవలో ముడుచుకుని పడుకుంటారు. పిచ్చి ముదిరితే అంతే మరి.

ఆ ఊళ్ళో పేరయ్య, అతని పెళ్ళాం నూకాలు ఉండేవాళ్ళు. నూకాలు అందరిలాంటిది కాదు. ముందు మంచి గది తాళం తీసి, తలుపు మీద ఎర్రటి జాజుతో చిలకల్ని వేసింది. ఆ తర్వాత నడిమింటి దూలానికి ఉయ్యాలబల్ల వేయించింది. ఆ తర్వాత పొగచూరిన వంటింట్లో కాలవ వైపు గోడ కొట్టించి కిటికీ పెట్టించింది. గంజి వారుస్తూ పడవలు చూసుకునేది. ఆ కిటికీ అంటే దానికి ప్రాణం.

"రేపు కొనేవాడు ఏమంటాడే?" అని పేరయ్య రోజూ సణిగేవాడు.

కొనేవాడు రానే వచ్చాడు. పట్నం షావుకారు. ఇల్లంతా తిరిగి చూసి మొహం చిట్లించాడు. "ఆ చిలకలు గీకించు. ఉయ్యాల విప్పించు. దక్షిణానికి కిటికీ ఏంటయ్యా, మూయించు. అప్పుడే బేరం. సాయంత్రం మళ్ళీ వస్తా" అన్నాడు.

పేరయ్య తలూపాడు.

అప్పుడు పేరయ్య చిలకల్ని గీకేశాడు. నూకాలు పళ్ళ బిగువున ఊరుకుంది. ఆ తర్వాత ఉయ్యాల గొలుసులు విప్పాడు. అప్పుడూ ఊరుకుంది. ఆ తర్వాత తాపీమేస్త్రి ఇటుకల తట్టతో వంటింట్లోకి వచ్చాడు.

"అదొక్కటీ వదిలెయ్ మావా" అని బతిమాలింది.

"ఊరంతా నవ్వుతుందే" అన్నాడు పేరయ్య.

ఒక వరస లేచింది, కాలవ పోయింది. ఇంకో వరస లేచింది, అవతలి గట్టు పోయింది. ఆ పైవరసకి ఆకాశం సన్నటి పీలికంత మిగిలింది. నూకాలు పొయ్యి దగ్గర కూలబడి నోట్లో కొంగు కుక్కుకుంది.

అప్పుడు పేరయ్యకి దాహమేసింది. "కాసిని మజ్జిగ ఇయ్యే" అంటూ గుమ్మంలోకి వచ్చాడు. చీకట్లోంచి చెంబు పట్టుకున్న చెయ్యి వచ్చింది. మనిషి కనబడలేదు.

"ఏడుస్తున్నావా? నీ మొహం కనబడట్లేదే."

"కిటికీ లేనన్నాళ్ళూ మాత్రం ఎప్పుడు చూశావు మావా?" అంది నూకాలు.

అన్నేళ్ళూ ఆ చీకట్లోంచే తనకి అన్నం వచ్చిందని తలుచుకుంటే పేరయ్యకి సిగ్గేసింది. చెంబు కింద పెట్టి, మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ తర్వాత తడారని ఇటుకలన్నీ తనే ఊడదీశాడు.

సాయంత్రం షావుకారు బండి దిగాడు. మొగుడి మనసు మళ్ళీ ఎటు తిరుగుతుందో అని నూకాలు భయం. పేరయ్య వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇల్లు అమ్ముడైపోయిందండి."

"ఎవరయ్యా కొన్నది?"

"మేమేనండి. ఇవాళే కాపురానికి వచ్చాం."

కథ కదిలె కంచికి,
మనం చేరితిమి మనింటికి,
కునుకు రావాలి నా కన్న కంటికి.