డప్పులా బిగుసుకుందామనుకున్న బోదురుకప్ప

ఒట్టు! ఇందులో ఒక్క అక్షరం అబద్ధం ఉన్నా నా నెత్తిమీద మిగిలిన ఏడు వెంట్రుకలూ రాలిపోవాలి. నిన్న ఎనిమిది ఉన్నాయి కదా అని అడక్కండి. నోరు మూసుకుని వినండి.

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవంటే, ఈ కొసన ఎగిరిన కాకి ఆ కొసకు చేరేసరికి దానికి మునిమనవళ్ళు పుట్టేవాళ్ళు. ఆ అడవి నడుమ ఒక మడుగు. మడుగులో నలభై లక్షల కప్పలు. నేనే లెక్కపెట్టాను.

ఆ కప్పలన్నిటికీ పెద్ద, బూరయ్య అనే బోదురుకప్ప. ఏటా తొలకరి మబ్బు పట్టగానే మొట్టమొదట ‘బెక’ అనేది ఆయనే. ఆయన అన్నాకే మిగతావాళ్ళు అందుకోవాలి. అది ఆ మడుగు ఆచారం. తొలి కేక వినబడకపోతే మబ్బు కిందికి దిగదని వాళ్ళ నమ్మకం. బూరయ్య గొంతుకింది సంచి ఊదితే గుమ్మడికాయంత అయ్యేది. కేక వేస్తే కొండమీది ఏనుగులు ఉలిక్కిపడి ఒకదానిమీద ఒకటి పడేవి.

పెద్ద అన్నవాడు పదిమందికీ కనబడాలని బూరయ్య ఉద్దేశం. అందుకని మడుగు మధ్యనున్న నల్లరాతి మీద, మాడ్చేసే ఎండలో, పొద్దస్తమానం రొమ్ము విరుచుకుని కూర్చునేవాడు. ఆయన భార్య నాచమ్మ మాత్రం ఒడ్డున తుంగ నీడలో, చల్లటి బురదలో మెడదాకా కూరుకుని ఉండేది.

“ఏమయ్యా, ఆ పెనం మీద ఎంతసేపు వేగుతావు? ఇలా నీడకు రా,” అనేది నాచమ్మ.

“బురదలో దొర్లే పెద్దను ఎవరు లెక్కచేస్తారే?” అనేవాడు బూరయ్య.

అలా ఏళ్ళు గడిచాయి. ఒక ఏడు, వానలకు ఇంకా పక్షం రోజులుందనగా, గొంతు సరిచూసుకుందామని బూరయ్య సంచి ఊదాడు. అది నిమ్మకాయంత అయి ఆగిపోయింది. సరేలే అని గాలి వదిలాడు. వదిలితే వెనక్కి పోవాలా? పోలేదు. పాత జోలెలా బొడ్డుదాకా వేలాడింది.

నాచమ్మ వచ్చి ఆ చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి, లాగి వదిలింది. లాగింది లాగినట్టే గుడారంలా నిలబడిపోయింది. తరువాత తన చర్మం లాగి చూపించింది. అది టపుక్కున సర్దుకుంది. వయసులో ఆమె ఆయనకంటే రెండేళ్ళు పెద్దది కూడాను.

“చూశావా? చర్మమన్నాక సాగాలి, సాగి మళ్ళీ ఇంటికి రావాలి. నీది వెళ్ళింది, దారి మరిచిపోయింది. ఇప్పటికైనా ఎండ మానుకో. తడిలో కూర్చో. కడుపునిండా తిను, వేళకు పడుకో. మెల్లగా దారికొస్తుంది,” అంది నాచమ్మ.

“మెల్లగానా? పదిహేను రోజుల్లో వాన నెత్తిమీదికొస్తుంటే! మూడుసార్లు అరవనిస్తారు. మూడూ తప్పితే నా రాయి ఆ చెంగప్పగాడి పాలవుతుంది,” అన్నాడు బూరయ్య.

చెంగప్ప నవనవలాడే పడుచు కప్ప. అప్పటికే రాతిచుట్టూ తిరుగుతున్నాడు. “తాతా, కాస్త జరుగుదూ. నేను కూర్చుంటే ఎలా ఉంటుందో చూసుకుంటా,” అని అడిగాడు కూడా.

బూరయ్యకు ఒళ్ళు మండింది. తిన్నగా పుట్ట దగ్గరికి పోయాడు.

“పామన్నా, నువ్వు ఎప్పటికప్పుడు పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కుంటావు. ఆ కిటుకు నాకు చెప్పు,” అన్నాడు.

పాము ఆవులించింది. “దానిదేముంది తమ్ముడూ! ముక్కు దగ్గర మొదలుపెట్టి ఒలిచేసుకోవడమే. నీకు చేతకాదు గానీ, ఒకసారి నా నోట్లోకి వెళ్ళిరా. నేనే ఒలిచి పంపిస్తా.”

“వెళ్ళడం సరే అన్నా, తిరిగి రావడం ఎలాగ?”

“ఏమో! ఇంతవరకూ ఎవరూ వచ్చి చెప్పలేదు,” అంది పాము.

బూరయ్య వేసిన గంతు నూటపది గజాలు. ఆ దెబ్బకు దారిలో రెండు చింతచెట్లు పక్కకు తప్పుకున్నాయి.

ఆ తరువాత కోతి దగ్గరికి పోయాడు. కోతి ఆయన గొంతును అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది.

“తుమ్మజిగురు పూస్తే సరి బావా. ఆరేసరికి నీ మొహం నున్నగా గోలీకాయలా ఉంటుంది,” అంది. అని, నెత్తి నుంచి కాళ్ళదాకా దట్టంగా పట్టించింది.

బిగిసింది. బిగియలేదని నేననను. పెదవులు బిగిశాయి, కనురెప్పలు బిగిశాయి, కాళ్ళు కూడా బిగిశాయి. మూడు రోజులు బూరయ్య నోరు విప్పలేదు. “పెళ్ళయ్యాక ఇంత హాయిగా ఎప్పుడూ నిద్రపట్టలేదు,” అని నాచమ్మ ఇరుగుపొరుగుతో చెప్పుకుంది. నాలుగోనాడు జిగురు ఊడింది. దాంతోపాటు పైపొర కాస్త లేచిపోయింది. సంచి మునుపటికంటే వదులైంది.

“ఇంకా రోజులున్నాయి. పట్టుదలకు పోక వచ్చి ఈ తడిలో కూర్చో,” అంది నాచమ్మ.

“బురదతో అయ్యే పనైతే లోకమంతా బురదలోనే ఉండేది!”

“మనం ఉంటున్నది ఎక్కడయ్యా మరి?”

బూరయ్య కోపం తెచ్చుకుని అడవి అంచుకు పోయాడు.

అక్కడొక పల్లె. ఊళ్ళో జాతర. డప్పులవాళ్ళు గడ్డిమంట వేసి డప్పులకు సెగ చూపిస్తున్నారు. చెమ్మకు మెత్తబడిన డప్పు ముందు ‘బొద్, బొద్’ మంది. సెగ తగిలేసరికి బిగిసి ‘ఖణ్, ఖణ్’ మంది. పొద చాటునుంచి చూస్తున్న బూరయ్య కళ్ళు బయటికొచ్చాయి. వాటికి అదేమీ కొత్త కాదు, కానీ ఇంకాస్త బయటికొచ్చాయి.

“ఓహో! అదీ తోలే, నాదీ తోలే! ఇన్నాళ్ళూ ఎండ చాలక వదులైందన్నమాట!”

ఇంకేముంది! మర్నాటినుంచి పొద్దు పొడవగానే నల్లరాయెక్కి, గడ్డం ఎత్తి, గొంతు సూర్యుడికి అప్పగించేవాడు. ఆ ఏటి ఎండ ఎలాంటిదంటే, ఎగిరే కొంగ గుడ్డు పెడితే అది నేలకు చేరేలోపు ఉడికిపోయేది.

నాచమ్మ ఒడ్డున నిలబడి మొత్తుకుంది. “అది చచ్చిన మేక తోలయ్యా! దానికి దాహం లేదు. నీది బతికున్న చర్మం. మనం నీళ్ళు తాగేదే చర్మంతో కదా!”

ఇది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు. కప్పలు నిజంగానే చర్మంతో నీళ్ళు తాగుతాయి.

“బిగుస్తోందే, బిగుస్తోంది! చూడు, కొడితే మోగుతోంది!” అని బూరయ్య వేలితో గొంతుమీద కొట్టాడు. నిజంగానే మోగింది. ‘టక్, టక్.’ ఎండుటాకు చప్పుడు. అది విని నాచమ్మ తుంగలోకి వెళ్ళిపోయింది.

పదిహేనో రోజు మబ్బు పట్టింది. కాటుక కుండ బోర్లించినట్టు ఆకాశం నల్లబడింది. నలభై లక్షల కప్పలూ తలలెత్తి రాతివైపు చూశాయి.

బూరయ్య గాలి పీల్చి సంచి ఊదాడు. ‘కుయ్’ మంది.

మళ్ళీ ఊదాడు. ‘తుస్’ మంది.

మూడోసారి ఉన్న ఊపిరంతా కూడదీసుకుని ఊదాడు. గొంతుమీద చర్మం ఎండిన చెరువులా బీటలు వారింది. చప్పుడే రాలేదు.

ఎవరూ నవ్వలేదు. చెంగప్ప కూడా నవ్వలేదు. బూరయ్య తల వంచుకుని, ఒక్కొక్క కాలే కిందికి పెట్టి, ఆ రాయి దిగాడు. చెంగప్ప ఎక్కి ‘బెక’ అన్నాడు. అది ఈలంత సన్నటి కేక. అయినా వాన దబదబా కురిసింది. మబ్బుకు ఎవరి గొంతైనా ఒకటే కాబోలు.

బూరయ్య వెళ్ళి నాచమ్మ పక్కన కూలబడ్డాడు. ఆమె తడిమట్టి తీసి మెల్లగా ఆయన గొంతుకు పట్టించింది. ‘నే చెప్పలేదూ’ అని అనలేదు. మూడు రోజులాగి అంది. ఆ తరువాత రోజూ అంది.

నెల గడిచింది. గొంతులో మార్పేమీ లేదు. “ఇదీ పనిచేయదే,” అని బూరయ్య లేవబోయాడు. “కూర్చో! ఏళ్ళ తరబడి ఎండబెట్టుకున్నది నెలలో మెత్తబడుతుందా?” అని నాచమ్మ కాలు పట్టి లాగింది. మూడు నెలలకు బీటలు పూడాయి. నీడ, తడి, మంచి తిండి, వేళకు నిద్ర. ఇంతే మందు. ఏడాది తిరిగేసరికి సంచి ఊదితే నారింజకాయంత అయింది. ఇదివరకటి గుమ్మడికాయ మళ్ళీ రాలేదు. వయసు వెనక్కి రాదు కదా. గొంతు మాత్రం వచ్చింది.

రాయి కూడా తిరిగి రాలేదు. చేజారిన పెద్దరికం మళ్ళీ ఇచ్చే ఆచారం అక్కడ లేదు. ఆ ఏటి తొలకరికి చెంగప్ప తొలి కేక వేశాక, బూరయ్య బురదలోంచే రెండోది వేశాడు. కప్పలన్నీ వెనక్కి తిరిగి చూశాయి. నాచమ్మ అటు తిరిగి ముక్కు చీదుకుంది.

వానలు వెళ్ళి మళ్ళీ ఎండలొచ్చాయి. చెంగప్ప రాతిమీద రొమ్ము విరుచుకుని కూర్చున్నాడు.

“ఒరేయ్ చెంగా, దిగి నీడకు రా,” అని కేకేశాడు బూరయ్య.

“ఇక్కణ్ణుంచైతే అందరికీ కనబడతాను తాతా!”

“వినబడితే చాల్లేరా!”

“నాకేం వయసు మీదపడిందని ఇప్పుడు?”

“మీదపడ్డాక పిలవడానికి నేనుండనురా. ఇప్పుడే రా!”

ఆ మాట తగిలిందో, రాయి కాలిందో తెలియదు గానీ, చెంగప్ప ఒక్క గంతులో వచ్చి వాళ్ళ మధ్య పడ్డాడు. నాచమ్మ మొహమంతా బురద చిందింది.

“ఒక్క పెద్దతోనే వేగలేక చస్తున్నాను. ఇప్పుడు ఇద్దరయ్యారు!” అంది ఆమె, పక్కకు జరుగుతూ.

నీతి: చర్మాన్ని ఒక్క పూటలో బిగించాలని చూస్తే పగులుతుంది, నీడా నీళ్ళూ ఇచ్చి రోజూ కాపాడుకుంటే ముసలితనంలోనూ మన మాట వింటుంది.

విన్నారుగా? ఒసేయ్ మంగతాయీ, పళ్ళికిలించింది చాలు. పెరట్లోకి వెళ్ళి నా మోచేతులకు రాయడానికి కలబంద మట్ట ఒకటి కోసుకురా. ముళ్ళు చూసుకో, ఒక్కొక్కటీ మొసలి పన్నంత ఉంటుంది.