రాయి తీసిన కదిరమ్మ

అనగనగా ఒక కనుమ. దాని పేరు గుర్రాలకనుమ. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, లోయవైపు గోడ లేని కాలం. రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిన కాలం. పికప్ బండి ఊళ్ళోకొస్తే పనులు మానుకుని జనం చూడ్డానికి వచ్చే కాలం. రాజుల కథలు చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళు చెప్పుకుంటారు. నేను చెప్పేది బండి వెనక నడిచిన ఒక ఆడమనిషి కథ.

ఆమె పేరు కదిరమ్మ. మొగుడి పేరు ఓబులేసు. వాళ్ళకొక పికప్ బండి ఉండేది. ఎవరో వాడి వాడి వదిలేసిన బండి. దానికి మూడు రోగాలు. ఎత్తు ఎక్కితే రేడియేటర్లో నీళ్ళు మరుగుతాయి. ఒకసారి ఆపితే మళ్ళీ సెల్ఫు పట్టదు. హ్యాండ్‌బ్రేకు ఉందంటే ఉంది, లేదంటే లేదు.

మూడు రోగాలకూ మందు కదిరమ్మే. బండి పొగలు కక్కి ఆగగానే ముందు ఆమె దూకేది. దారిపక్క నుంచి రాయి తెచ్చి వెనక చక్రం కింద పెట్టేది. డబ్బాతో నీళ్ళు పోసేది. బండి కిందికి దూరి పానాతో సెల్ఫు మీద టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు కొట్టేది. ఇవతలికి వచ్చి "ఊఁ, తిప్పు" అనేది. బండి గుర్రుమని కదిలేది. కదలగానే రాయి తీసి దారిపక్కకు వేసి, పరిగెత్తి వెనక తలుపు పట్టుకుని ఎక్కేది. రాయి పెట్టడం, నీళ్ళు పోయడం, సెల్ఫు తట్టడం. చివర రాయి తీయడం.

ఆ చివరిది మాత్రం ఆ కనుమలో ఇంకెవరూ చేసేవాళ్ళు కాదు. అందరి బండ్లూ ఆగేవి, అందరూ రాళ్ళు పెట్టేవాళ్ళు. బండి కదిలితే ఇంక రాయిని తలచేదెవరు? ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు రాయిని దారి మధ్యలో వదిలేసి పోయేవాళ్ళు. మళ్ళీ ఆ రాళ్ళు తగిలి చక్రాలు వంగాయని ఊరూరా తిట్టుకునేదీ వాళ్ళే.

ఆ ఊళ్ళో గంగిరెడ్డి అని పెద్ద రైతు. కదిరమ్మ కనబడితే చాలు, ఆటపట్టించేవాడు.

"ఏం కదిరమ్మా, ఈ పొద్దు కొండలో ఎన్ని రాళ్ళు సర్దితివి?"

కదిరమ్మ నవ్వేసి తన పనిలో పడేది.

ఆ ఊరిది పట్టుపురుగుల బతుకు. పురుగులు గూళ్ళు అల్లుకున్నాక వారం, మహా అయితే పది రోజుల్లోపు వాటిని పట్నం మార్కెట్టుకు చేర్చాలి. ఆలస్యమైతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి, గూటికి చిల్లు చేసుకుని ఎగిరిపోతుంది. చిల్లు పడిన గూటి నుంచి దారం రాదు. నెల్లాళ్ళ కష్టం గాలికి పోయినట్టే.

ఒక ఏడు గూళ్ళు అల్లే వేళకే వాన పట్టుకుంది. కనుమ దారి కోసుకుపోయింది. దారి బాగుచేసేసరికి తొమ్మిదో రోజు వచ్చింది. కొత్త బండ్లవాళ్ళు ఆ బురదలోకి రామన్నారు. అప్పుడు గంగిరెడ్డే ఓబులేసు గడప తొక్కాడు.

"ఊరంతటి గూళ్ళూ నీ బండిలోనే పోవల్లప్పా. మేం యెనక బస్సులో వస్తాం."

ఊరందరి గూళ్ళూ గంపలకెత్తారు. బండి ఎన్నడూ మోయనంత బరువు. నీళ్ళ డబ్బాలు మూడు పెట్టుకుని కదిరమ్మ వెనక ఎక్కింది.

మొదటి మలుపులో నీళ్ళు మరిగాయి. కదిరమ్మ దూకింది. రాయి పెట్టింది, నీళ్ళు పోసింది, సెల్ఫు తట్టింది. బండి కదిలింది. రాయి తీసింది.

రెండో మలుపులో నీళ్ళు మరిగాయి. కదిరమ్మ దూకింది. రాయి పెట్టింది, నీళ్ళు పోసింది, సెల్ఫు తట్టింది. బండి కదిలింది. రాయి తీసింది. అరచేయి చీరుకుపోతే కొంగు చింపి కట్టుకుంది.

మూడో మలుపు అన్నిటికన్నా నిట్టనిలువు. అక్కడా నీళ్ళు మరిగాయి. ఈసారి పెట్టిన రాయిని తొక్కి నెట్టేసి బండి వెనక్కి జారింది. ఓబులేసు రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి పట్టాడు. కదిరమ్మ లోయ అంచున ఉన్న పెద్ద గుండును రొమ్ముతో తోసుకుంటూ తెచ్చి చక్రం కింద చేర్చింది. బండి నిలిచింది. ఆఖరి డబ్బా పోసింది. టక్, టక్, టక్.

"ఊఁ, తిప్పు."

బండి కదిలింది. ముందు పెట్టిన చిన్న రాయిని కదిరమ్మ పక్కకు తన్నేసింది. గుండు మాత్రం సరిగ్గా మలుపు మధ్యలో ఉండిపోయింది.

"ఎక్కు మే, నిలిపితే మళ్ళా కదల్దు" అని ఓబులేసు అరిచాడు. అతను చెప్పింది నిజమే. ఇంక పోయడానికి చుక్క నీళ్ళు లేవు. అతను దిగుదామంటే హ్యాండ్‌బ్రేకు నిలవదు. కదిరమ్మ నాలుగడుగులు పరిగెత్తి వెనక తలుపు అందుకుంది. తిరిగి చూసింది. కింది నుంచి వచ్చేవాళ్ళకు మలుపు తిరిగేదాకా ఆ గుండు కనబడదు.

తలుపు వదిలేసింది.

"నువ్వు పో. గూళ్ళు చేర్చు" అంది.

బండి కొండ మీదికి పోయింది. కదిరమ్మ కిందికి పోయింది. ఇందాక గుండు తెచ్చేటప్పుడు ఆమెతో పాటు భయం తోసింది, ఇప్పుడు తోడు ఎవరూ లేరు. వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి తోసింది. గుండు ఒక జానెడు కదిలింది. మళ్ళీ తోసింది, ఇంకో జానెడు. మూడోసారి కొండవైపుకు దొర్లింది. ఆమె ఇంకా దాన్ని పట్టుకునే ఉంది, హారను కొట్టుకుంటూ బస్సు మలుపు తిరిగింది.

డ్రైవరు బస్సు నిలిపాడు. దారిలో గుండు ఈడ్చిన చార చూశాడు. లోయ చూశాడు.

బస్సు నిండా ఆ ఊరివాళ్ళే. మొగవాళ్ళు, ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. ముందు సీటులో గంగిరెడ్డి. అతను మెల్లగా దిగొచ్చాడు.

"మేం వస్తామని నిలబడితివా తల్లీ?"

కదిరమ్మ ముఖం తుడుచుకుంది. "యెనకొచ్చేది ఎవురో నాకేం తెల్సు రెడ్డన్నా? ఎవురైనా మనోళ్ళే గదా."

గంగిరెడ్డి తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. ఒంగి గుండుకు చేయి ఆనించాడు. ఇద్దరూ కలిసి దాన్ని కొండగోడ దాకా దొర్లించి నిలబెట్టారు. ఆ తరవాత అతను తన సీటులో ఆమెను కూర్చోబెట్టి, పట్నం దాకా నిలబడే పోయాడు. అక్కడ ఓబులేసు అప్పటికే గంపలు దించుతున్నాడు. ఒక్క గూటికీ చిల్లు పడలేదు.

కదిరమ్మ పండుముసలి అయ్యాక, పిల్లల చేతుల్లో సుఖంగా కన్నుమూసింది. ఆ రోజు కనుమకు ఇటువైపు బండ్లూ అటువైపు బండ్లూ ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. డ్రైవర్లు దిగి, కనుమ కింది నుంచి పైదాకా నడిచి, దారిలో ఉన్న ప్రతి రాయీ తీసి పక్కకు పేర్చారు. లోయవైపు అదే మొదటి గోడ.

ఇప్పుడు ఆ బండ్లు లేవు, ఆ రోగాలూ లేవు. అయినా గుర్రాలకనుమలో బండి ఆగితే చక్రం కింద రాయి పెడతారు. కదిలేముందు ఎంత తొందరున్నా ఎవరో ఒకరు దిగి దాన్ని తీస్తారు. కొత్త డ్రైవరు మరిచిపోయి గేరు వేయబోతే, పక్కనున్నవాళ్ళు అతని చేయి పట్టుకుని ఒకటే మాట అంటారు.

"యెనక మనోళ్ళు వస్తాండారప్పా."

అతను దిగి రాయి తీస్తాడు.