బిర్రుగా పెట్టిన గంజి

బట్టలకి నాలా గంజి పెట్టేవాడు ఈ రాజ్యంలోనే లేడు. ఓసారి దివానుగారు "ఒరే గంగులూ, బట్టలు బిర్రుగా ఉండాల్రా" అన్నారు. నేను గంజికుండ పొయ్యిమీద పెట్టి కునుకు తీశా. గంజి అడుగంటి ముద్దయిపోయింది. అదే పెట్టేశా.

మర్నాడు కొలువులో ఆయన రాజుగారికి వంగి దణ్ణం పెట్టలేదు. రాజుగారికి కోపమొచ్చింది. దివానుగారు నన్ను కొలువుకి ఈడ్పించారు.

"వీడి గంజివల్లే ప్రభూ. వీడికి వంద కొరడా దెబ్బలేయించండి" అన్నారు దివానుగారు.

నా నోరూరుకోదుగా. "మారాజా, నా గంజి నీళ్లకి కరిగిపోద్ది. ఈయన నెత్తిన కడివెడు పోయించండి. అప్పటికీ వంగకపోతే ఆ బిర్రు నాది కాదు" అన్నా.

కడవ రావడం చూసి దివానుగారు, బట్టలు ఫెళఫెళమంటున్నా నేలదాకా వంగిపోయారు.

"వంగగలవే" అన్నారు రాజుగారు. నన్నొదిలేశారు.

ఇంటికెళ్లి మీసం తిప్పుతూ ఇదంతా మా ఆవిడకి చెప్పా.

"సరే మావా, మాడిన కుండెవరు తోముతారు?" అంది.

వంగి తోముతున్నా.