ఉప్పడిగిన ఎర్నమ్మ

సముద్రం కొండ కాళ్ళు తడిపి వెనక్కి పోతుండే కాలం. అది ఎప్పటి కాలమో అడిగినవాళ్ళకీ తెలీదు, చెప్పినవాళ్ళకీ తెలీదు. ఆ కాలంలో ఉప్పుటేరు ఒడ్డున ఉప్పు పండించుకునేవాళ్ళ పాలెం ఒకటుండేది. ఆ పాలెంలో ఎర్నమ్మ ఉండేది. అందగత్తె కాదు, ఆస్తి ఉన్న మనిషీ కాదు. మడుల్లో ఉప్పు లాగి బతికేది. తల్లీ లేదు, తండ్రీ లేడు. దాలి అని ఒక్క చెల్లెలు.

పాలేనికి ఎదురుగా ఏరు. ఏరు దాటితే బురద. బురద దాటితే కొండ. కొండ మీద పాలెం కొలిచే తల్లి. ఏటా ఉప్పు పండే ముందు పాలెం పొయ్యిలోని నిప్పు తీసుకెళ్ళి ఆ తల్లి దగ్గర దీపం పెట్టాలి. పడవెక్కకూడదు. ఏరు ఈదాలి, బురద జారాలి, కొండెక్కాలి. కుండలో ఊక పోసి, ఊకలో నిప్పు కణికలు పెట్టి, మూతేసి, దాన్ని ఇంకో పెద్ద కుండలో దించి నీళ్ళ మీద తోసుకుంటూ ఈదేవాళ్ళు. బురద మీదికి ఒక చెక్కపలక ఉండేది. ఒక మోకాలు పలక మీద ఆనించి, రెండో కాలితో బురదని తన్నుకుంటూ పోవాలి.

అది చిన్న మొక్కు. ఉప్పు పండని ఏడొస్తే, ఆ మరుసటేడు పెద్ద మొక్కు. దానికి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరే దిగాలి. నీళ్ళు మూడింతలు, బురద మూడింతలు, కొండ వెనకవైపు నుంచి ఎక్కాలి, అటు దారి కూడా లేదు.

నిప్పు మోసే వంతు ఎర్నమ్మ ఇంటి ఆడవాళ్ళది. మగవాళ్ళు ఒడ్డున నిలబడి డప్పు కొట్టేవాళ్ళు. ఎవరికి చేతనైన పని వాళ్ళు చేసేవాళ్ళు మరి. ఆ ఇంట్లో ఒకరు వెనక్కి తగ్గినా, దారిలో పడిపోయినా, ఆ ఇంట్లోనే ఇంకొకరు దిగాలి. అదీ కట్టుబాటు. ఎర్నమ్మ కాకపోతే దాలి. దాలికేమో నీళ్ళు మోకాలు దాటితే ఏడుపొచ్చేది.

ఎర్నమ్మ తల్లి కూడా ఒక ఏడు పెద్ద మొక్కుకి దిగింది. అప్పటికి దాలి నెలల పిల్ల. బాలింత ఈత మానేసి ఎన్నాళ్ళో అయింది. అయినా దిగింది, మర్నాటికి తిరిగొచ్చింది. కొండ మీద మాత్రం దీపం వెలగలేదు. బదులు దిగడానికి ఆ ఇంట్లో ఇద్దరూ చిన్నపిల్లలే. కుండ మూత తీసి చూస్తే బూడిద. గాలి ఎక్కువైందిలే అన్నారు అందరూ.

ఎర్నమ్మ ఒక్కతే చూసింది. అమ్మ ఉప్పు మానేసింది. గంజిలో ఉప్పేస్తే గిన్నె పక్కకి తోసేసేది. జుట్టు ఎంత తుడిచినా ఆరేది కాదు. పిల్ల ఏడుస్తుంటే ఎవరి పిల్లో ఏడుస్తున్నట్టు చూసేది. ఒక పొద్దున లేచి ఏట్లోకి నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఎర్నమ్మ పెరిగింది. మూడుసార్లు చిన్న మొక్కు తీర్చింది. తర్వాత ఉప్పు పండని ఏడు వచ్చింది. పెద్ద మొక్కు వచ్చింది. రోజూ ఏట్లో ఈదడం, బురదలో జారడం, కొండెక్కి దిగడం మొదలుపెట్టింది. ఇంతలో చలిజ్వరం పట్టుకుంది. రోజూ వణుకే. మంచం దిగలేదు, ఏటి మొహం చూడలేదు. లేచేసరికి కాళ్ళు చీపురుపుల్లల్లా అయ్యాయి. మొక్కు దగ్గర పడింది.

కులపెద్ద అసిరయ్య దగ్గరికెళ్ళి చెప్పింది. "మావా, నావల్ల అవుద్దో లేదో తెలీదు. ఈత మానీసి చానా రోజులైంది."

అసిరయ్య నవ్వాడు. "ఎవులితో చెప్తన్నావే? రోజూ తెల్లారగట్ల నిన్ను సూస్తన్నాం గదా. చేపలా పోతన్నావు."

"నాను మంచం దిగలేదు మావా."

"మరి ఈదినదెవులు? మీ అమ్మా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎర్నమ్మ నవ్వలేదు. ఆ రోజంతా పాలెంలో అడిగింది, అమ్మ ఉప్పు మానేసిన సంగతీ చెప్పింది. ఒకామె ఏట్లో చూశానంది. ఒకాయన బురద మీద చూశానన్నాడు. ఇంకొకామె కొండ మీద చూశానంది. "పిలిస్తే పలకలేదేమే? పొగరా?" అని దెప్పింది కూడా.

దాలి అడిగింది. "అప్పా, ఎల్లగలవా?"

"తెలీదే."

"తెలీకుండా ఎలా ఎల్తావు?"

"నాను ఆగితే నువ్వెల్లాలి. అది మాత్రం తెలుసు."

మొక్కు నాడు పొద్దు పొడిచే వేళకి మొగ దగ్గర దిగబోయింది. డప్పులు దూరంగా మోగుతున్నాయి. నీళ్ళలో నడుం లోతున ఎవరో నిలబడి ఉన్నారు. ఎర్నమ్మ మొహమే. ఎర్నమ్మ చేతులే. కాకపోతే భుజాలు గట్టిగా ఉన్నాయి, రోజూ ఈదిన భుజాలు. చేతిలో అలాంటి కుండే. జుట్టు లోంచి నీళ్ళు ఆగకుండా కారుతున్నాయి.

"నువ్వు మానీసిన రోజులన్నీ నాను ఈదినాను," అంది అది. "కుండ ఇయ్యి. నాను ఎల్తాను. నువ్వు ఇక్కడ కూకో."

ఎర్నమ్మ ఇవ్వలేదు. కుండని నీళ్ళ మీద పెట్టి, ఆ నిలబడినదాని పక్కనుంచే ఈదుకుంటూ పోయింది. వేగంగా ఈదే ఓపిక లేదు. నాలుగు బారలు వేసి, వెల్లకిలా తేలి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నాలుగు బారలు. పక్కనే అదీ వస్తోంది. నీటి చప్పుడు లేదు.

బురద చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గాలి లేదు, పక్షి లేదు. పలక మీద మోకాలు పెట్టి తన్నబోతే పిక్క పట్టేసింది. బురదలో పడి అక్కడే ఉండిపోయింది. అది వచ్చి ఎదురుగా నిలబడింది. దాని పాదాలకి బురద అంటలేదు.

"నాను రోజూ జారినాను," అంది. "కుండ ఇయ్యి. నువ్వు ఇక్కడ కూకో."

"మా అమ్మనీ ఇలాగే అడిగినావేటి?"

"మీ అమ్మ ఇక్కడే ఇచ్చీసింది," అంది అది. "ఇంకా ఇక్కడే కూకున్నాది. నీ మోకాలు కింద సూడు."

ఎర్నమ్మ చూడలేదు. చూస్తే లేవలేనని ఆమెకి తెలుసు. కళ్ళు మూసుకుని పలక తన్నింది. ఒక తన్ను, ఒక ఏడుపు. ఒక తన్ను, ఒక ఏడుపు. అలా పోయి పోయి కొండ చేరింది.

పొద్దు వాలింది. ఇక్కడ పాలెంలో అందరూ కొండ వైపే చూస్తున్నారు. దీపం లేదు. అసిరయ్య తల దించుకుని దాలి చేతికి రెండో కుండ ఇచ్చాడు. దాలి ఏడవలేదు. ఏడుపు కూడా రాని భయం అది. మోకాలు లోతు దాకా దిగింది.

కొండ మీద ఎర్నమ్మ కాళ్ళతో కాదు, కుండని ముందుకు పెట్టుకుంటూ చేతులతో పాకుతోంది. ఒక రాయి, ఇంకో రాయి. ఇంకొక్క బండ మిగిలింది. అది పైన కూర్చుని ఉంది.

"నాను నీకంటే బాగా ఎక్కుతాను. పరుగున ఎక్కుతాను. అవతల నీ చెల్లి నీళ్ళలో దిగింది. కుండ ఇయ్యి."

ఎర్నమ్మ కుండని ఒళ్ళోకి లాక్కుంది. "నిజమే," అంది. "నువ్వే బాగా ఎక్కుతావు. నువ్వే బాగా ఈదుతావు. నాను మానీసినాను, నువ్వు మానలేదు. మానీసిన రోజులు నీయి. ఇయ్యాల నాది."

అని మూత తీసింది. నివురు కింద ఊక ఎర్రగా ఉంది. ఊకనిప్పు గుణమే అది. పరుగెత్తేవాళ్ళ చేతిలో గాలి తగిలి భగ్గుమని అయిపోతుంది. మెల్లగా మోస్తే పొద్దంతా ఉంటుంది. వేగంగా పోవాలని పాలెంలో అందరూ నేర్పారు, ఆడవాళ్ళందరూ నేర్చుకున్నారు. నిప్పునెవరూ అడగలేదు. ఓపిక లేక మెల్లగా వచ్చిన ఎర్నమ్మ చేతిలో అది బతికింది.

పైన కూర్చున్నది కూడా తన కుండ మూత తీసింది. లోపల తడిబూడిద. ఎర్నమ్మ చూస్తూ, చూస్తూ ఉండగానే అది మాయమై, ఉన్న చోట రాతి మీద తడి మిగిలింది. ఆ తడి కూడా ఆరిపోయింది.

కొండ మీద దీపం వెలిగింది. దాలి నడుం లోతు నీళ్ళలో ఆగిపోయింది.

మర్నాడు పొద్దెక్కాక ఎర్నమ్మ బురద కొట్టుకుని పాలేనికి వచ్చింది. జుట్టు తడిగా ఉంది. డప్పు ఎవరూ కొట్టలేదు. ఎవరూ దగ్గరికి రాలేదు. వచ్చినదెవరో ఎవరికి తెలుసు? రోజూ ఏట్లో చూసినదాని మొహం కూడా ఇదే కదా. అసిరయ్య అంతటివాడు గడప లోపలికి జరిగాడు.

దాలి ఒక్కతే గంజి గిన్నె పట్టుకొచ్చింది. ఎర్నమ్మ ఒక గుక్క తాగింది. మొహం చిట్లించి ఉమ్మేసింది.

పాలెమంతా ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఉప్పేదే? ఉప్పోళ్ళ పాలెంలో చప్పిడి గంజి పోస్తావేటే, సచ్చినోడికి పోసినట్టు?"

దాలి పరుగెత్తుకెళ్ళి గుప్పెడు ఉప్పు తెచ్చింది. ఎర్నమ్మ పగిలిన పెదాల మీద ఉప్పు తగిలి మండి, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అయినా తింది. "ఇంకొంచెం ఎయ్యి," అంది. అప్పుడు మోగాయి డప్పులు.

ఆ ఏడు ఉప్పు పండింది. ఎర్నమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. పళ్ళన్నీ ఊడేదాకా బతికి, అసిరయ్య మనవల్ని కూడా తిట్టి, ఉప్పు గంజి తాగి పోయింది.

ఇప్పటికీ ఆ ఒడ్డున జ్వరం తగ్గి లేచినవాళ్ళు, బాలింతలు, ఏ కారణాన పని మానేసినవాళ్ళైనా మళ్ళీ నీళ్ళలో దిగేముందు ఒక ఉప్పుకల్లు నాలుక మీద వేసుకుంటారు. ఏటి వైపు తిరిగి, "మానీసిన రోజులు నీయి, ఇయ్యాల నాది," అంటారు. అని కాసేపు ఆగుతారు.

ఏరు ఊరుకుంటే దిగుతారు. బదులు వినబడిన రోజు మాత్రం ఎవరూ దిగరు.