కట్టిన మూట విప్పని లంక

అనగనగా ఒక ఏటి మధ్యన ఒక లంక, ఆ లంక నిండా అడవి. చుట్టూ నీళ్లే కాబట్టి నేలకి బహు కరువు. జింక కాళ్లు చాపుకుని పడుకుంటే కుందేలు లేచి నిలబడాల్సిందే.

ఆ లంకలో ఒక ఆచారం ఉండేది. ఎవరింటి చెత్త వాళ్లు పెద్ద ఆకులో మూటకట్టి, పొద్దున్నే తూర్పు చివర విసిరేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి. కట్టిన మూట విప్పితే అరిష్టం. అందుకని ఆ చెత్తగుట్టలో ఏముందో లంకలో ఎవరికీ తెలియదు, ఒక్క నూకాలుకి తప్ప.

నూకాలు ఒక పందికొక్కు. దాని బొరియ గుట్ట పక్కనే. మూటలు కొరికి, దొరికింది తిని బతికేది. అందుకే అందరూ దాన్ని చూసి మొహం తిప్పుకునేవారు. దానికి ఆరుగురు పిల్లలు. గుట్ట రోజుకో జానెడు బొరియ మీదికి జరుగుతోంది. ఒక్క పెద్దవాన పడితే బొరియా ఉండదు, పిల్లలూ ఉండరు. ఆ భయంతోనే నూకాలు రాజుగారి కొలువుకి వెళ్లింది.

రాజు ఎలుగుబంటి. లంకలో అందరికంటే పెద్ద మూట ఆయనదే. ఆ రోజు కొలువులో ఒక అతిథి కూడా ఉంది. ఏటా శీతాకాలంలో వచ్చిపోయే గూడకొంగ. చెత్త మీద పన్నెండేళ్లు పరిశోధన చేసిన పండిత పక్షి.

"మా దేశంలో చెత్తని బట్టీలో వేసి కాలుస్తాం మహారాజా," అంది గూడకొంగ. "గుట్టంత చెత్త గుప్పెడు బూడిదవుతుంది. ఆ వేడితో ఊరంతా చలి కాచుకుంటుంది."

"ఆహా!" అన్నాడు రాజు.

నూకాలు వెనకనుంచి అడిగింది. "అయ్యా, మీ దేశంలో చెత్త తడిగా ఉంటుందా, పొడిగా ఉంటుందా?"

"తడి వేరు, పొడి వేరు చేసి ఇస్తారు, ఎవరింట్లో వాళ్లే. అది చాలా చిన్న పని."

మంత్రి నక్క వెంటనే అందుకుంది. "చిన్న పనేగా, తర్వాత చూద్దాం. ముందు పెద్ద పని కానివ్వండి."

"మూటలు విప్పకపోతే మండదు మహారాజా," అంది నూకాలు. "లోపల అంతా తడే. నేను చూశాను."

"చూశావా? విప్పావన్నమాట!" అంది నక్క. కొలువంతా ముక్కు మూసుకుంది. నూకాలుని బయటికి పంపేశారు.

లంకలో మిగిలిన ఒకే ఒక ఖాళీ జాగా కుందేళ్ల పచ్చిక. అక్కడ బట్టీ కట్టారు. మొదటి రోజు మూటల్ని మూటల్లాగే లోపలికి తోసి నిప్పు పెట్టారు. మంట రాలేదు, పొగ వచ్చింది. లంకంతా దగ్గింది. "పొగ వచ్చిందంటే నిప్పు ఉన్నట్టేగా!" అంది నక్క, తనూ దగ్గుతూనే.

రెండో రోజు ఎండుకట్టెలు కలిపారు. కట్టెలు ఉన్నంతసేపు భగ్గుమంది. చెత్త మండిందని దండోరా వేశారు. తీరా చూస్తే కట్టెలు కాలాయి, చెత్త ఉడికింది.

మూడో రోజుకి ఎండుకట్టెలు అయిపోయాయి. పిచ్చుకల గూళ్లు దించి బట్టీలో వేశారు. అవీ ఒక్క ఊపులో అయిపోయాయి. నక్క ముగ్గురితో విచారణ సంఘం వేసింది. ముగ్గురూ నక్కలే.

గూడకొంగ రెక్కలు సర్దుకుంది. "నా పరిశోధనలో తప్పేం లేదు. మీ చెత్తలోనే ఉంది తప్పు," అనేసి ఎగిరిపోయింది.

ఆ మర్నాడే అకాల వర్షం. గుట్ట తడిసి జారింది. ఒక పక్క నూకాలు బొరియ మీద పడింది. ఇంకో పక్క పారి పారి రాజుగారి గుహ గుమ్మానికి అడ్డంగా ఆగింది. నూకాలు పిల్లల్ని ఒక్కొక్కర్నే నోట కరుచుకుని ఆరు సార్లు బురదలో ఈదింది. ఎక్కడ పెట్టాలి? లంకలో వాన పడని చోటు ఒకటే మిగిలింది. చల్లారిన బట్టీ. వాళ్లని అందులోనే పెట్టుకుంది.

వాన వెలిశాక రాజు బురదలో కాళ్లీడ్చుకుంటూ బట్టీ దగ్గరికి వచ్చాడు. "నూకాలూ, ఏం చేయమంటావు?"

"మూటలు విప్పాలి మహారాజా."

"విప్పు మరి! నీకు అలవాటేగా."

నూకాలు దగ్గర్లో ఉన్న మూటని ఆయన ముందుకి తోసింది. "ఇది తమరిది. పనస తొక్కల వాసనొస్తోంది. నా పళ్లు చిన్నవి, తమ గోళ్లు పెద్దవి."

రాజు తన వెనకే వచ్చిన నక్క వైపు చూశాడు. నక్క ఆకాశం వైపు చూసింది. తన గుహ గుమ్మానికి అడ్డంపడ్డ కంపు ఇక భరించలేక ఆయన బురదలో చతికిలబడి ముడి విప్పాడు. పనస తొక్కలు, చేపముళ్లు, వాటి కింద ఎండుటాకులు. అరిష్టం మాత్రం కనిపించలేదు.

రాజే విప్పాక ఎవరు మానేస్తారు? ఎవరి మూట వాళ్లు విప్పారు. తడిది గోతిలో వేశారు. కొన్నాళ్లకి అది నల్లమట్టి అయింది. ఆ మట్టితో ఏటి ఒడ్డు పూడ్చుకుంటే కుందేళ్లకి కొత్త పచ్చిక వచ్చింది. నూకాలు మెరక మీద బొరియ తవ్వుకుని పిల్లల్ని తీసుకెళ్లిపోయింది. ఖాళీ అయిన బట్టీలో పొడిది వేస్తే ఒక్క కట్టె అవసరం లేకుండా మండింది.

బట్టీ మీద నక్క ఒక రాయి పాతించింది. 'మూట విప్పే విధానాన్ని కనిపెట్టినవారు మంత్రివర్యులు' అని. అది చదవడానికి నూకాలుకి తీరిక లేదు. రోజూ పొద్దున్నే నక్క మూట విప్పిందో లేదో చూసి రమ్మని దాన్ని రాజుగారే పంపేవారు.

నీతి: ఇంటి దగ్గర చేయాల్సిన చిన్న పని తప్పించుకుంటే, ఊరి చివర ఎంత పెద్ద బట్టీ కట్టినా మిగిలేది పొగే.