నాంచారి కథకు ఊఁ

అనగా అనగా, మన తాతల తాతలు ఇంకా బొడ్డు కోయించుకోని కాలంలో, కొండకింద మూడూళ్లకూ కలిపి ఒక్కతే మంత్రసాని. పేరు నాంచారి. మొగుడు లేడు, పిల్లల్లేరు. పురిట్లో ఏ తల్లయినా పోతే, మిగిలిన పిల్లను నాంచారే ఎత్తుకుపోయేది. అయినవాళ్లకు గుర్తొచ్చేదాకా పెంచేది.

మొదటివాణ్ణి మేనమామ తీసుకుపోయాడు. రెండోదాన్ని అమ్మమ్మ తీసుకుపోయింది. పిల్ల వెళ్లిన ప్రతిసారీ నాంచారి మూడు రోజులు పొయ్యి రాజేసేది కాదు. నాలుగోనాడు ఎవరికో నొప్పులొచ్చేవి. లేచి వెళ్లేది.

మూడోది చుక్కి. దానికి మూడేళ్లప్పుడు తల్లి రెండో కాన్పుకని తలుపు వెనక్కి వెళ్లింది, మళ్లీ రాలేదు. బిడ్డా దక్కలేదు. అందుకే నాంచారి తలుపు మూస్తే చాలు, గుక్కపట్టి ఏడ్చేది. ఇంట్లో వదిలితే ఏడుపు, పనికి తీసుకెళితే గొడవ.

"తల్లిని మింగిన పిల్ల. పురిటింటి గడప తొక్కనివ్వను," అంది ఒక అత్తగారు.

"బయటే కూర్చుంటుందిలే అమ్మా," అంది నాంచారి. చుక్కిని దగ్గరికి లాక్కుంది. "లోపల్నుంచి కథ చెబుతుంటానే. నువ్వు ఊఁ కొట్టు. నా గొంతు వినపడుతుంటే నేనున్నట్టే."

లోపల చేతులు కాన్పు చూసేవి, నోరు కథ చెప్పేది.

"నక్క అత్తారింటికి బయల్దేరిందే."

"ఊఁ."

"దారిలో వాగొచ్చిందే."

"ఊఁ."

బిడ్డ పుట్టేది గానీ, నక్క అత్తారింటికి చేరేది కాదు.

ఇలా నాలుగేళ్లు గడిచాయి. అప్పుడు గుర్తొచ్చింది చుక్కి తండ్రికి, తనకో కూతురుందని. కొత్త పెళ్లాం కన్న చంటివాణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాల్సొచ్చింది మరి.

"నా పిల్లను తీసుకెళతా," అన్నాడు.

"నీ పిల్లే నాయనా," అంది నాంచారి. "అది నిద్రపోయాకే తలుపు మూయి."

అదే పూట పై ఊరినుంచి కాన్పుకని కబురొచ్చింది. పొలిమేరదాకా సాగనంపే తీరిక కూడా దొరకలేదు ఆమెకు. వెళ్లి, తలుపు మూసి, అలవాటుగా "నక్క అత్తారింటికి బయల్దేరిందే," అంది. బయట్నుంచి ఏమీ రాలేదు.

"ఎవరికి చెబుతున్నావు నాంచారత్తా?" అంది నొప్పులు పడుతున్న పిల్ల.

"ఎవరికీ కాదమ్మా," అంది. ఏడ్చిందేమో, పురిటింట్లో ఎవరికి పట్టింది.

ఆ తర్వాత ఎన్నేళ్లో, ఎన్ని కాన్పులో. ప్రతి గదిలోనూ కథ చెప్పింది. ప్రతి మాట తర్వాతా ఊఁ పట్టేంతసేపు ఆగింది. మూడూళ్లలో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. ఒక్కరికీ గడప బయట కూర్చోవాలని తోచలేదు. పోయేనాడు పక్కన ఎవరూ లేరు.

కబురు ఆలస్యంగా అందింది. చుక్కి వచ్చేసరికి పూడ్చేశారు, ఇంటికి గొళ్లెం పెట్టేశారు. చుక్కి తలుపు తీయలేదు. గడప బయట కూర్చుంది. కాసేపు చెవి ఒగ్గి, "ఊఁ," అంది. ఇంకాసేపాగి మళ్లీ, "ఊఁ," అంది. పొద్దుగూకేదాకా అలాగే కూర్చుంది. చూసి, ఊరికి అప్పుడు సిగ్గేసింది.

ఇప్పటికీ ఆ మూడూళ్లలో పురిటిగది తలుపు మూయగానే ఒకరు గడప బయట కూర్చుంటారు. లోపల ఎవరూ కథ చెప్పరు. అయినా ఆగి ఆగి ఊఁ కొడతారు. ఎవరికని అడిగితే, "నాంచారికి," అంటారు.