గద్దెకు అనుమతి ముద్ర

అడవి అంచున, ఒకానొక కాలంలో, కోనవరమనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఇమ్మడి నాయకుడు ఏలేవాడు. ఆయన కొలువులో సూరపరాజు అనే ముసలి భట్రాజు ఉండేవాడు. మూడు తరాల రాజులను చూసినవాడు.

పొద్దు వాలితే సూరపరాజు కోట బురుజు మీద కూర్చుని అడవివైపు చెవి ఒగ్గేవాడు. పెద్దరాజు, అంటే ఇప్పటి రాజుకు తాత, బతికున్న రోజుల్లో ఆ వేళకు చేలల్లో పందులను బెదరగొట్టడానికి మంచెల మీద తుపాకులు పలికేవి. "అదిగో, మిట్టచేను వాళ్ళది" అంటూ పెద్దరాజు మోతను బట్టి చెప్పేవాడు. ఇప్పుడు ఒక్క మోతా లేదు.

కారణం లేకపోలేదు. ఒక పెళ్ళి ఊరేగింపులో ఎవడో తాగి తుపాకి పేలిస్తే రెండు పాకలు అంటుకున్నాయి. రాజు మండిపడి దండోరా వేయించాడు. తుపాకులన్నీ కోటకు చేర్చాలి. తిరిగి కావలసినవాడు ఇద్దరు పెద్దమనుషులను పూచీగా వెంటబెట్టుకొచ్చి, రాజు ప్రశ్నలకు బదులు చెప్పి, అనుమతి ముద్ర పొందాలి.

ప్రశ్నలడగడం రాజుకు మహా సరదా అయింది. ఒకనాడు పుల్లమ్మ అనే విధవరాలు వచ్చింది.

"ఆడదానివి, నీకు తుపాకి ఎందుకు?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"అడవిపందులు ఆడా మగా చూసి రావు దొరా. జొన్నచేను సగం తినిపోయాయి."

"నీ నడవడికి పూచీ ఎవరు?"

"నా మొగుడుండేవాడు. పోయాడు."

"అయితే కోతలయ్యాక రా. ఆలోచిద్దాం."

"కోయడానికేమన్నా మిగిలితే కదా దొరా!" అని కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రాత్రి సూరపరాజుకు అన్నం సయించలేదు.

మర్నాడు కొలువు తీరేసరికి సూరపరాజు ఇద్దరు ముసలి రైతులను వెంటబెట్టుకుని అర్జీదారుల వరుసలో నిలబడ్డాడు. రాజు నవ్వాడు.

"ఏమయ్యా, నీకూ తుపాకి కావాలా?"

"నాకు కాదు ప్రభూ. తమకు అనుమతి ఇప్పించడానికి వచ్చాను. గద్దె మీద కూర్చోవడానికి. వీళ్ళిద్దరూ తమ నడవడికి పూచీ."

కొలువంతా బిగుసుకుపోయింది. సూరపరాజు లేని మీసం దువ్వుతూ, అచ్చం రాజు గొంతుతో అడిగాడు: "గద్దె తమకెందుకు? ఎవరి మీదైనా పగ ఉందా?"

"ఓరి భట్రాజూ!" రాజు లేచి నిలబడ్డాడు. "గద్దె నా హక్కు! కోటగుమ్మం రాతి మీద మా తాత చెక్కించాడు. నీకు చదవడం రాదా?"

"వచ్చు ప్రభూ. చెక్కినప్పుడు పక్కనే ఉన్నాను. శత్రువులు కోటను ముట్టడిస్తే రైతులే తుపాకులతో వచ్చి నిలబెట్టారు. ఆ కృతజ్ఞతతో చెక్కించిన మొదటి మాట: 'ఇల్లూ చేనూ కాచుకునే ఆయుధం ఈ ప్రజల హక్కు.' రెండో మాట: 'మా వంశాన్ని గద్దె మీద నిలుపుకోవడం వీరు మాకిచ్చిన మాట.' రాయి ఒక్కటే, ఉలి ఒక్కటే. మొదటి మాటకు ముద్ర కావాలంటే రెండో మాటకు అక్కర్లేదా ప్రభూ?"

రాజు మొహం ఎర్రబడింది. నెమ్మదిగా కూర్చున్నాడు.

"మరి తాగి పాకలు తగలబెట్టినవాడి సంగతో?"

"వాడి తుపాకి లాగేయండి, పాకలు వాడిచేతనే కట్టించండి. తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడం రాజు పని. తప్పు చేయనివాణ్ణి అడుక్కునేలా చేయడం కాదు."

రాజు గుమ్మం రాతివైపు చూశాడు. పెదవి చివర మొదలైన నవ్వు పొట్ట దాకా పాకింది. కొలువంతా గొల్లున నవ్వింది. అప్పటికప్పుడు దండోరా రద్దయింది. పుల్లమ్మ తుపాకి రాజే పల్లకిలో పంపించాడు. తన భుజం మీది పట్టుశాలువా తీసి ముసలివాడికి కప్పాడు.

"నిజం చెప్పు సూరపరాజూ, మా తాతనూ ఇలాగే ఓడించేవాడివా?"

సూరపరాజు శాలువా కొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"లేదు ప్రభూ. ఆయన దగ్గర నాకు ఆ అవసరమే రాలేదు."